సబ్బుతో తోమాక గిన్నెల్ని మళ్లీ నీళ్లతో కడగాలా?

శ్రీకాకుళం టౌన్ నుంచి ఒక అమ్మగారు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల అబ్బాయి ఇంగ్లండులో చదువుకుంటున్నాడు. అతనితో పాటు ఇంట్లో ఉండే ఇంగ్లీషు కుర్రాళ్లు సబ్బునీళ్ల బేసిన్లో పళ్లేన్ని ముంచి, బ్రష్షుతో రుద్ది, నురగతోనే స్టాండులో పెట్టేస్తున్నారట. మంచినీళ్లతో మళ్లీ కడగడం అనేదే లేదట. "వాళ్లకేమీ కావట్లేదు కదమ్మా, మనం అన్ని నీళ్లు ఎందుకు పారబోస్తున్నాం?" అని అబ్బాయి ఫోన్లో అడిగాడు. ఈవిడ ఇంట్లో కొళాయి రోజుకి గంటసేపే వస్తుంది. మరోపక్క, సబ్బు కడుపులోకి పోతే కిడ్నీలు పాడవుతాయని అత్తగారు ఒక్కో గిన్నెనీ నాలుగైదుసార్లు కడిగిస్తారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి అన్నది ఆవిడ సందేహం.

అమ్మా, కడగాలి. మనం వాడే సబ్బుకి, మనం తోమే పద్ధతికి నీళ్లతో కడగడం తప్పదు. అయితే నాలుగైదుసార్లు అక్కర్లేదు. వరస తెలిస్తే రెండుసార్లు చాలు, అదీ ఇప్పుడు మీరు వాడే నీళ్లలో సగం కంటే తక్కువతో. మీ అబ్బాయి అక్కడ చూసింది నిజమే, కానీ దాన్ని ఇక్కడికి తెచ్చుకోలేం. ఎందుకో వివరంగా చెబుతాను. నేను మొదట్లో గిన్నెల సబ్బు తయారుచేసే ఒక చిన్న యూనిట్లో కెమిస్టుగా పనిచేశాను. తర్వాత విజయనగరంలో ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పాను, హాస్టల్ మెస్ బాధ్యత కూడా చాలాకాలం చూశాను. కాబట్టి ఈ విషయం సబ్బు వైపు నుంచీ తెలుసు, అంట్ల వైపు నుంచీ తెలుసు.

ముందు సబ్బు చేసే పని చూద్దాం. సబ్బు అణువుకి రెండు కొసలుంటాయి. ఒకటి నీటిని ఇష్టపడుతుంది, రెండోది నూనెని పట్టుకుంటుంది. పీచుతో రుద్దినప్పుడు గిన్నెకి అంటిన నూనె సన్నటి బొట్లుగా విడిపోతుంది. ఒక్కో బొట్టు చుట్టూ ఈ అణువులు చేరి, నూనె కొసలు లోపలికి, నీటి కొసలు బయటికి ఉండేలా అమరుతాయి. దాంతో ఆ నూనెబొట్టు నీళ్లలో తేలగలుగుతుంది, మళ్లీ గిన్నెకి అంటుకోదు. గమనించండి, ఇక్కడివరకూ జరిగింది మురికి గిన్నె నుంచి ఊడడం మాత్రమే. అది ఇంకా గిన్నెలోనే, నురగలోనే ఉంది. నీరు వచ్చి తీసుకుపోతేనే అది బయటికి పోతుంది. అలా తీసుకుపోకుండా ఆరబెడితే నీరు ఒక్కటే ఆవిరవుతుంది. నూనె, గంజి, కారం రంగు, సబ్బు, అన్నీ పలచటి పొరగా మళ్లీ గిన్నె మీదే మిగులుతాయి.

సూక్ష్మజీవుల విషయంలో చాలామందికి ఒక అపోహ ఉంది. గిన్నెల సబ్బు క్రిముల్ని చంపేస్తుందని అనుకుంటారు. కొన్నిటిని చంపుతుంది కానీ దాని అసలు పని చంపడం కాదు, ఊడదీయడం. జిడ్డుతో పాటు క్రిములు కూడా గిన్నె గోడని వదిలి నురగలోకి వస్తాయి. పచ్చిచేప కడిగిన గిన్నె, కోడిమాంసం నానబెట్టిన గిన్నె లాంటివాటిలో ఇది ముఖ్యం. నురగని అలాగే వదిలేస్తే ఊడిన క్రిముల్ని కూడా అక్కడే వదిలినట్టు. అమెరికాలో హోటళ్లకి ఇచ్చే ఆహార భద్రతా నియమావళిలో మూడు తొట్ల పద్ధతి చెబుతారు. మొదటి తొట్టిలో సబ్బుతో తోమడం, రెండోదాంట్లో మంచినీళ్లతో కడగడం, మూడోదాంట్లో వేడినీళ్లతో గానీ క్లోరిన్ నీళ్లతో గానీ క్రిముల్ని చంపడం. మధ్య తొట్టిని ఎందుకు పెట్టారంటే, సబ్బు, జిడ్డు మిగిలి ఉంటే క్లోరిన్ వాటితోనే ఖర్చయిపోతుంది, క్రిముల దాకా చేరదు. అంటే అక్కడ కూడా కడగడాన్ని వదిలెయ్యలేదు. ఇంగ్లండులో మీ అబ్బాయి చూసింది ఇళ్లలో తరతరాలుగా వస్తున్న అలవాటు. ఆస్ట్రేలియా, న్యూజిలాండులలో కూడా కొన్ని ఇళ్లలో ఇది కనిపిస్తుంది.

మరి ఆ అలవాటుతో వాళ్లకి ఇబ్బంది ఎందుకు రావడం లేదు? అసలు కీలకం ఇక్కడుంది. వాళ్లు సబ్బుని గిన్నెకి రాయరు, నీళ్లకి కలుపుతారు. సుమారు ఆరు లీటర్ల వేడినీళ్లలో ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల లిక్విడ్ వేస్తారు. ఒక మిల్లీలీటరు నీటిలో ఉండే లిక్విడ్ ఒక మిల్లీగ్రాము కూడా కాదు. పళ్లెం స్టాండులో పెట్టాక దాని మీద నిలిచే తడి రెండు మిల్లీలీటర్లు అనుకుందాం. అంటే దాని మీద మిగిలే లిక్విడ్ రెండు మిల్లీగ్రాముల లోపు. పైగా చాలామంది తర్వాత పొడిగుడ్డతో తుడుస్తారు, ఆ కొంచెంలో కూడా కొంత గుడ్డకి పోతుంది.

ఇప్పుడు మన ఇంటికి రండి. సబ్బుబిళ్ల మీద తడి పీచుని రుద్దుతాం. ఆ పీచు నేరుగా కంచం మీదకి వెళుతుంది. ఒక గ్రాము సబ్బు పది మిల్లీలీటర్ల నీటిలో కలిసిందనుకుంటే, ఒక్కో మిల్లీలీటరులో వంద మిల్లీగ్రాములు. కంచం మీద అదే రెండు మిల్లీలీటర్ల తడి నిలిస్తే రెండువందల మిల్లీగ్రాముల సబ్బు. ఇది అంచనా లెక్కే, ఒక్కో చెయ్యికి మారుతుంది. అయినా వాళ్ల పళ్లేనికీ మన కంచానికీ సుమారు వంద రెట్ల తేడా అని తెలుస్తోంది కదా. లిక్విడ్‌ని నేరుగా స్పాంజి మీద వేసుకుని రుద్దేవాళ్లదీ ఇదే పరిస్థితి. అందుకే అబ్బాయికి చెప్పండి, అక్కడి పద్ధతిలో బేసిను భాగాన్ని వదిలేసి, కడగకపోవడాన్ని మాత్రమే తెచ్చుకుంటే కుదరదని.

ఇంకో తేడా సబ్బులోనే ఉంది. బిళ్ల ఎలా చేస్తారో చెబితే మీకే అర్థమవుతుంది. యూనిట్లలో 'యాసిడ్ స్లర్రీ' అని పిలిచే చిక్కటి గోధుమరంగు ద్రవం వస్తుంది. పూర్తి పేరు లీనియర్ ఆల్కైల్ బెంజీన్ సల్ఫోనిక్ ఆమ్లం. దాన్ని సోడా యాష్ అనే క్షారంతో కలిపితే ఆమ్లగుణం పోయి నురగనిచ్చే పదార్థం తయారవుతుంది. దాంట్లో కాల్సైట్, డోలమైట్, చైనా క్లే లాంటి మెత్తటి రాతిపొడి కలుపుతారు. రంగు, నిమ్మ వాసన వేసి, మెషిన్లో ఒత్తి, ముక్కలు కోస్తారు. బిళ్ల బరువులో సగం కంటే ఎక్కువ ఈ రాతిపొడే ఉంటుంది. మాడిన గిన్నెని గీకేది అదే. చవకగా, గట్టిగా, ఎక్కువరోజులు వచ్చేట్టు ఉండాలంటే అది కావాలి, అందులో మోసమేమీ లేదు. కానీ ఆ పొడి నీళ్లలో కరగదు. ఆరితే గ్లాసు అడుగున, కంచం అంచు మడత కింద, కుక్కర్ మూత గాడిలో తెల్లగా కనిపించేది అదే. ఇంగ్లండు లిక్విడ్లో ఈ పొడి ఉండదు. బిళ్ల వాడే ఇంట్లో కడగకుండా వదిలేస్తే మర్నాటి పెరుగన్నంలో మీరు తినేది సున్నపురాతి పొడి, సోడా. విషం కాదు, కానీ తినవలసిన వస్తువూ కాదు.

కిడ్నీల సంగతికి వద్దాం. మీ అత్తగారి భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు ప్రతి ఊళ్లోనూ కిడ్నీ జబ్బుతో పోయినవాళ్లున్న ఇళ్లున్నాయి. ఆ ప్రాంతాన్నే ఉద్దానం అంటారు. శ్రీకాకుళం జిల్లా మనిషి దేన్ని చూసినా అనుమానించడంలో తప్పులేదు. ఉద్దానం జబ్బు మీద ఏళ్ల తరబడి పరిశోధనలు జరుగుతున్నా ఇదీ కారణం అని ఒక్కటి తేలలేదు. అయితే గిన్నెల సబ్బే కారణమని ఎవరూ చూపించలేదు. ఇదే సబ్బు రాష్ట్రమంతా, దేశమంతా వాడుతోంది. మిగతా చాలాచోట్ల ఇంతగా లేని జబ్బు అక్కడ అంత ఎక్కువగా ఉండడానికి సబ్బు సమాధానం కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి మొదలయ్యాయి. హిరమండలం నుంచి వంశధార నీటిని ఉద్దానం పల్లెలకి పైపుల్లో ఇచ్చే పథకం కూడా అప్పుడే ప్రారంభమైంది. మీ ఇంట్లోవాళ్లు ఆ ప్రాంతం నుంచి వచ్చినవాళ్లైతే గిన్నె ఐదోసారి కడిగే ఓపికని కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించడానికి పెట్టండి. మేలు జరిగేది దానివల్ల.

సబ్బులో నురగనిచ్చే పదార్థానికి విషగుణం తక్కువ. గిన్నె మీద మిగిలే మిల్లీగ్రాములతో పెద్దవాళ్లకి వెంటనే ఏమీ కాదు. కాస్త ఎక్కువ మిగిలితే నోట్లో చేదు, నాలుక మీద జారుడు, కొందరికి కడుపులో వికారం. అసలు ప్రమాదం సీసా దగ్గర ఉంది. చంటిపిల్లలు లిక్విడ్ తాగేస్తే కంగారులో వేలు పెట్టి వాంతి చేయించకండి. వాంతిలో వచ్చే నురగ ఊపిరితిత్తుల్లోకి పోవడం చాలా చెడ్డది. నోరు తుడిచి, ఒకటి రెండు గుక్కల నీళ్లు పట్టి, సీసా చేత్తో పట్టుకుని ఆస్పత్రికి వెళ్లండి. దగ్గు, ఆయాసం కనబడితే ఒక్క నిమిషం ఆగొద్దు. కూల్‌డ్రింకు సీసాల్లో లూజు లిక్విడ్ పోసి అమ్మేవి కొని, సింకు కింద పిల్లలకి అందేలా పెట్టడం మన ఊళ్లలో చాలా ఇళ్లలో చూస్తాను. దయచేసి ఆ పని మానండి.

పేపర్లలో వచ్చిన ఒక వార్త గురించి కూడా కొందరు అడుగుతుంటారు, అది కూడా ఇక్కడే చెబుతాను. 2022 చివర్లో స్విట్జర్లాండు పరిశోధకులు గిన్నెలు కడిగే మెషిన్ల గురించి ఒక అధ్యయనం బయటపెట్టారు. హోటళ్లలో వాడే పెద్ద మెషిన్లు చివరి విడతలో గిన్నెలు మెరవడానికి 'రిన్స్ ఎయిడ్' అనే ద్రవాన్ని చల్లుతాయి. దాన్ని మళ్లీ నీళ్లతో కడగరు. దాంట్లో ఉండే ఆల్కహాల్ ఎథాక్సిలేట్లు పేగు లోపలి పొర కణాలని దెబ్బతీస్తున్నాయని ల్యాబులో పెంచిన కణాల మీద చూశారు. అది చేత్తో తోమే బిళ్ల గురించి కాదు, మనుషుల మీద చేసిన పరీక్ష కూడా కాదు. కానీ ఒక సంగతి తెలిసింది. ఆరిపోయాక గిన్నె మీద మిగిలిన సబ్బు పదార్థం ఎంత కొంచెమైనా రోజూ లోపలికి పోతుంటే ఏమవుతుందన్నది పట్టించుకోదగ్గ ప్రశ్నే. రెండో జాడింపుతో ఆ ప్రశ్నే లేకుండా పోతున్నప్పుడు మానడం ఎందుకు?

ఇక నీళ్లు. మీకు అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

కంచం మీద రెండు మిల్లీలీటర్ల తడిలో రెండువందల మిల్లీగ్రాముల సబ్బు ఉందన్నాం. దాన్ని రెండువందల మిల్లీలీటర్ల నీటితో ఒకేసారి కడిగితే మిగిలేది సుమారు రెండు మిల్లీగ్రాములు. అదే నీటిని రెండు భాగాలు చెయ్యండి. మొదటి వంద మిల్లీలీటర్లతో కడిగి, నీళ్లు పూర్తిగా ఒంపేస్తే నాలుగు మిల్లీగ్రాములు మిగులుతుంది. రెండో వందతో మళ్లీ కడిగి ఒంపేస్తే ఒక మిల్లీగ్రాములో పదో వంతు కూడా మిగలదు. నీళ్లు అవే, ఫలితం ఇరవై రెట్లకి పైగా మెరుగు. నీళ్లు ఎక్కువ పోయడం కన్నా, రెండు విడతల మధ్య గిన్నెని బాగా ఒంపడం ముఖ్యం. కొళాయి ధార కింద గిన్నెని తిప్పుతూ ఉంటే పాత నీరు పూర్తిగా పోకుండానే కొత్త నీరు వచ్చి కలుస్తూ ఉంటుంది. నీళ్లేమో నిమిషానికి ఆరు నుంచి పది లీటర్లు పోతాయి. ఇద్దరు ముగ్గురున్న ఇంట్లో రాత్రి అంట్లకే యాభై అరవై లీటర్లు ఎలా ఖర్చవుతున్నాయో ఇప్పుడు తెలిసింది కదా.

మెస్సులో మేం చేసింది ఇది, ఇంట్లో కూడా అలాగే కుదురుతుంది. రెండు బేసిన్లు లేదా టబ్బులు, ఒక్కోదాంట్లో ఏడెనిమిది లీటర్ల నీళ్లు. ముందు అన్నం మెతుకులు, కరివేపాకు, ముళ్లు అన్నీ చేత్తో తీసేసి, గిన్నెలో మిగిలిన కూర గుజ్జుని పాత కాగితంతోనో అరటాకు ముక్కతోనో తుడిచెయ్యాలి. ఈ ఒక్క పని చేస్తే సబ్బు సగం తగ్గుతుంది, సబ్బు తగ్గితే నీళ్లు తగ్గుతాయి. తోమే వరసలో ముందు గ్లాసులు, చెంచాలు, తర్వాత కంచాలు, తర్వాత అన్నం గిన్నె, పప్పు గిన్నె, ఆఖరికి మూకుడు, వేపుడు కళాయి. తోమిన గిన్నెని మొదటి టబ్బులో జాడించి, ఎత్తి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేదాకా ఒంచి, రెండో టబ్బులో ముంచి, మళ్లీ ఒంచి బోర్లించండి. మొదటి టబ్బు నీళ్లు నురగెక్కి తెల్లబడ్డాక పారబోయొద్దు. వాటిని మూకుట్లో, కళాయిలో పోసి నానబెట్టండి. రెండో టబ్బుని మొదటి చోటికి జరిపి, కొత్త నీళ్లు రెండోదాంట్లో నింపండి. కొత్త నీరు ఎప్పుడూ ఎక్కువ శుభ్రంగా ఉన్న గిన్నెని ముట్టుకోవాలి, పాత నీరు ఎక్కువ మురికి గిన్నెని ముట్టుకోవాలి. పెద్ద పెద్ద ఫ్యాక్టరీల్లో నీళ్లు ఆదా చేసేది కూడా ఇలా ఎదురు వరసలోనే. నలుగురున్న ఇంటికి ఇరవై ఇరవై ఐదు లీటర్లతో రాత్రి అంట్లు అయిపోతాయి. వేడినీళ్లు కాస్త కలిపితే ఇంకా తేలిక. నెయ్యి, డాల్డా, మాంసం కొవ్వు చల్లటి నీళ్లలో గడ్డకట్టి పీచుకి, టబ్బుకి, సింకుకి అంటుకుంటాయి.

సబ్బు పోయిందో లేదో తెలుసుకోవడానికి ల్యాబు అక్కర్లేదు. కడిగిన గ్లాసులో సగం మంచినీళ్లు పోసి, అరచెయ్యి మూతగా పెట్టి గట్టిగా ఊపండి. ముందు ఆ చెయ్యి సబ్బు లేకుండా కడుక్కోవాలి సుమా. పైన బుడగలు వచ్చి వెంటనే పగిలిపోతే గ్లాసు శుభ్రం. నురగ ఒక పొరలా నిలిచి ఉంటే సబ్బు ఉంది. మీ అత్తగారి చేత ఒకసారి ఈ పరీక్ష చేయించండి. రెండుసార్లు కడిగిన గ్లాసులో నురగ నిలవకపోవడం ఆవిడ కళ్లతో చూస్తే ఆ టెన్షన్ తగ్గుతుంది.

గ్లాసుల మీద తెల్లపొర ఎంత కడిగినా పోవడం లేదని మీరు రాశారు. అది సబ్బు కాకపోవచ్చు. కొళాయి రాని పూట బోరు నీళ్లు వాడుతున్నారు కదా. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ ఉంటే నీరు ఆరాక అవి మిగులుతాయి. తాగునీటికి భారత ప్రమాణాల ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీటి దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. మన తీరం వెంబడి ఆ మొదటి అంకె దాటే బోర్లు అరుదేమీ కాదు. గ్లాసు మీద నిమ్మచెక్క రుద్ది రెండు నిమిషాలు ఆగండి. పొర పోతే అది లవణమో, బిళ్లలోని రాతిపొడో. నిమ్మకి లొంగకుండా చేతికి జారుతుంటే అది సబ్బు, నూనె కలిసిన పొర. నీటి లవణాల పొరకి ఎక్కువసార్లు కడగడం వల్ల లాభం లేదు, ఎందుకంటే కడిగే నీటి నుంచే అది వస్తోంది. ఆఖరి జాడింపుకి మాత్రం కొళాయి నీళ్లు దాచుకుని వాడండి, లేదా ఆరకముందే పొడిగుడ్డతో తుడవండి.

అన్ని గిన్నెలకీ ఒకే పద్ధతి వర్తించదు. పాలగిన్నె, గుడ్డుసొన అంటిన గిన్నె ముందు చల్లటి నీళ్లతో కడగాలి. వేడినీళ్లు తగిలితే మాంసకృత్తులు గట్టిపడి అంటుకుపోతాయి. చేపల పులుసు గిన్నెకి వాసన పోవడం లేదని నాలుగుసార్లు సబ్బు పెడతారు. ఆ వాసన క్షారగుణం ఉన్న పదార్థాలది, సబ్బులోనూ సోడా క్షారమే, అందుకే అంత తొందరగా పోదు. చింతపండు పిప్పి రుద్ది ఐదు నిమిషాలు వదిలితే పులుపుకి అది విరుగుతుంది. పులుసుకి పిసికిన పిప్పి ఇంట్లో ఎలాగూ ఉంటుంది. ఉద్దానం పనసకాయ కోసిన కత్తిపీటకి సబ్బు, నీళ్లు ఏమీ చెయ్యలేవు, ఆ జిగురుకి ముందు నూనె రాసి గుడ్డతో తుడవాలి, తర్వాతే సబ్బు. మట్టికుండకి, రాచ్చిప్పకి, చెక్క గరిటెలకి బిళ్ల పెట్టకండి. వాటికి సన్నటి రంధ్రాలుంటాయి, సబ్బు లోపలికి ఇంకి ఎన్నిసార్లు కడిగినా కొంచెం కొంచెంగా కూరలోకి వస్తుంది. వేడినీళ్లు, కొబ్బరిపీచు, అవసరమైతే కాస్త శనగపిండి, అంతే. అల్యూమినియం గిన్నె సబ్బుతో ఎక్కువసేపు నానబెడితే సోడాకి నల్లబడుతుంది. తోడుపెట్టే గిన్నె, ఊరగాయ జాడీ, చంటిపిల్లల పాలసీసా, ఈ మూడింటి విషయంలో మాత్రం మీ అత్తగారిలా పట్టుదలగానే ఉండండి. పాలసీసాని రెండుసార్లు జాడించి, నీళ్లలో మరిగించాలి. జాడీ ఎండలో పూర్తిగా ఆరాలి.

పూర్వం బూడిదతో తోమేవారు, అప్పుడు ఈ సబ్బుల గోల లేదని పెద్దవాళ్లు అంటారు. కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది. అది కూడా క్షారమే, నూనెతో కలిసి అక్కడికక్కడే కొంత సబ్బుగా మారుతుంది. మిగతా బూడిద రుద్దడానికి పనికొస్తుంది. అంటే పని ఒకటే, సరుకు వేరు. దాన్నీ నూతి దగ్గర రెండు చేదల నీళ్లతో కడిగేవారు కానీ బూడిదతో బోర్లించేవారు కాదు.

చాలా ఇళ్లలో గిన్నెల కన్నా అనుమానించవలసింది స్పాంజిని. 2017లో జర్మనీ శాస్త్రవేత్తలు వాడిన వంటింటి స్పాంజిల్ని పరీక్షిస్తే, కొన్ని చోట్ల ఒక్క ఘన సెంటీమీటరులో 5,400 కోట్ల దాకా బ్యాక్టీరియా కనిపించాయి. అన్నీ జబ్బు తెచ్చేవి కావు. అయినా రోజంతా తడిగా, మెతుకుల తుంపులతో సబ్బు డబ్బాలో మునిగి ఉండే స్పాంజి దేన్నీ శుభ్రం చెయ్యలేదు. దానికన్నా పీచు నయం. కొబ్బరిపీచు మనకి కొదవ లేదు. తొందరగా ఆరుతుంది, పాతబడితే పారేసి కొత్తది తీసుకోవచ్చు. ఏదైనా సరే పని అయ్యాక పిండి, గాలి తగిలే చోట వేలాడదీయండి. సబ్బుబిళ్ల కూడా నీళ్లు నిలవని జాలీ డబ్బాలో ఉండాలి. ముద్దయిన బిళ్ల పీచుకి అవసరానికి మించి అంటుకుంటుంది, దాన్ని వదిలించడానికి మళ్లీ నీళ్లు.

బోర్లించిన గిన్నెలు గాలికి ఆరితే మంచిది. వానాకాలంలో, ముసురు పట్టినప్పుడు మన వైపు గాలిలో తేమకి అవి ఆరవు. అప్పుడు ఒకదాంట్లో ఒకటి దొంతరలు పెట్టొద్దు. తుడిచే గుడ్డ ఉతికినదీ పొడిదీ అయితేనే తుడవండి. గట్టు తుడిచే మసిగుడ్డతో కంచం తుడిస్తే ఇంతసేపు చేసిన పనంతా వృథా.

నీళ్లు నిజంగా లేని రోజులు వస్తాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు లేక మోటార్లు ఆగి, తాగడానికే నీళ్లు కరువైన ఊళ్లని మన జిల్లా చూసింది. అలాంటప్పుడు సబ్బు అసలు ముట్టుకోకండి. సబ్బు పెడితే దాన్ని వదిలించడానికే నీళ్లు కావాలి. ఏజెన్సీ నుంచి వచ్చే అడ్డాకుల విస్తళ్లు ఒక కట్ట ఇంట్లో ఉంచుకుంటే కంచాల పని ఉండదు. వండిన గిన్నెని కాగితంతో తుడిచి, ఒక గ్లాసు నీళ్లు పోసి మరిగించి, ఆ నీళ్లతోనే చుట్టూ తిప్పి పారబోస్తే ఆ పూటకి చాలు.

ఆఖరి జాడింపు నీరు ఎలాంటిదన్నది కూడా చూసుకోవాలి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో డయేరియా ప్రబలినప్పుడు మావాళ్లు చాలామంది తాగే నీళ్లు కాచుకున్నారు, కంచాలు గ్లాసులు మాత్రం అదే కొళాయి నీళ్లతో కడిగి తడిగానే వాడారు. ఊళ్లో వాంతులు, విరేచనాలు ఉన్నాయని తెలిస్తే, లేదా కొళాయి నీరు రంగు మారి వస్తే, రెండో టబ్బు తర్వాత మూడోది పెట్టండి. ఐదు లీటర్ల నీళ్లలో 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం ఒక టీస్పూను కలిపి, అందులో గ్లాసులు, కంచాలు, చెంచాలు రెండు నిమిషాలు ఉంచి, తుడవకుండా ఆరబెట్టండి. ఈ నీటిలోకి సబ్బు గానీ, బాత్రూము కడిగే యాసిడ్ గానీ కలవకూడదు. యాసిడ్ తగిలితే క్లోరిన్ వాయువు వస్తుంది, అది ప్రమాదం. వేడి పద్ధతి ఇష్టమైతే మరిగే నీళ్లు పోసినా సరే.

అబ్బాయికి విడిగా ఒక మాట. అక్కడ బేసిను పద్ధతిలో తోముతున్నన్ని రోజులూ అతనికేమీ కాదు, దాని గురించి గొడవ పడనక్కర్లేదు. కాకపోతే అందరి తర్వాత అదే బేసిన్లో తన కూరగిన్నె ముంచకుండా కొత్త నీళ్లు పట్టుకోమనండి, స్టాండులో పెట్టే ముందు ఒక మగ్గు చల్లటి నీళ్లు పైనుంచి పొయ్యమనండి. లిక్విడ్‌ని నేరుగా స్పాంజి మీద వేసి రుద్దితే మాత్రం ఇక్కడ చెప్పినట్టు రెండుసార్లు జాడించాలి. సెలవులకి వచ్చినప్పుడు మీ ఇంట్లో రెండు టబ్బుల పద్ధతి అతనిచేతే మొదలుపెట్టించండి. తోమే పని ఒకరు, జాడించే పని ఒకరు చేస్తే కొళాయి వచ్చే గంటలో అంట్లు అయిపోయి, తాగే నీళ్లు పట్టుకోవడానికి కూడా సమయం మిగులుతుంది.